రాతి పట్టు విడిపించే పులుపు

డీఏపీ కట్ట, కోలా సీసా, పంటికి వేసే ఫిల్లింగ్, తుప్పు మందు, విద్యుత్ వాహనాల బ్యాటరీ... అన్నిటి వెనకా ఒకటే యాసిడ్. ఆ యాసిడ్‌కు మూలం ఒకటే రాయి. ఆ రాయి మన దగ్గర చాలినంత లేదు.

మృగశిర చినుకులు పడ్డాయో లేదో, సొసైటీ గోదాము ముందు చెప్పులు బారులు తీరతాయి. వాటి పక్కన పాసుపుస్తకాలు, అవి గాలికి ఎగరకుండా మీద ఒక్కో రాయి. మనిషి వేపచెట్టు నీడన ఉంటాడు, వరుసలో అతని వంతు చెప్పులు కాస్తాయి. ‘డీఏపీ లోడు ఇంకా రాలేదు, రేపు రండి’ అన్న మాట వినబడిన రోజున ఆ చెట్టుకింద అందరికీ అక్షింతలు పడతాయి. సొసైటీ కార్యదర్శికి, డీలరుకు, ఏఓ గారికి, ప్రభుత్వానికి. రైతు కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ లోడు ఆగిన చోటు చాలాసార్లు మండలంలో దొరకదు, జిల్లాలో దొరకదు. మొరాకో రేవులోనో, జోర్డాన్‌లోనో, సెనెగల్‌లోనో బేరం తెగక నిలిచిపోయిన ఓడలో దొరుకుతుంది. ఆ ఓడలో ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్.

దాన్ని మనం చూసి ఉండం. వాడని రోజు మాత్రం లేదు. పొద్దున తిన్న అన్నం వెనక అది ఉంది. చక్కెర తెలుపు వెనక, బైకుకు వేసిన రంగు వెనక ఉంది. ప్రపంచంలో తయారయ్యే ఫాస్ఫారిక్ యాసిడ్‌లో నూటికి ఎనభై పాళ్లకు మించి ఎరువులకే పోతుంది. మిగతా ఉపయోగాలన్నీ ఆ మిగిలిన కొసరులో సర్దుకుంటాయి.

మూడు హైడ్రోజన్లు, ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్లు కలిస్తే ఈ యాసిడ్. పూర్తిగా స్వచ్ఛమైనదైతే తెల్లటి స్ఫటికం. 42 డిగ్రీల సెల్సియస్ దాటితే కరుగుతుంది. అంటే రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం దాన్ని గట్టిగా నిలబెట్టలేం. ప్రయోగశాలలకు అమ్మేది 85 శాతం గాఢత గలది. రంగు, వాసన లేకుండా లేత పాకంలా సాగుతుంది. ఎరువుల ఫ్యాక్టరీకి ఓడలో వచ్చేది ఇంత శుభ్రంగా ఉండదు. రాతిలోని మలినాలన్నీ కలిసి పచ్చగానో, గోధుమరంగుగానో, కొన్నిసార్లు నల్లగానో ఉంటుంది. గంధకామ్లం అంత ఉగ్రం కాకపోయినా, గాఢంగా ఉంటే చర్మాన్ని, కళ్లను గాయపరచగలదు.

ఇది ఎక్కడ వాడినా చేసే పని దాదాపు ఒకటే. భాస్వరానికీ లోహానికీ మధ్య ఉన్న బంధాన్ని విడదీయడం, లేదంటే కొత్తగా ముడివేయడం. ఆ లోహం ఎక్కువసార్లు కాల్షియం, అప్పుడప్పుడు ఇనుము.

ఎముకలో ఉన్నదీ, కొండలో ఉన్నదీ

భాస్వరం ప్రకృతిలో ఒంటరిగా దొరకదు. ఎక్కువగా కాల్షియంతో పెనవేసుకుని అపటైట్ అనే ఖనిజంగా ఉంటుంది. గనిలో తవ్వే రాక్ ఫాస్ఫేట్‌లో ముఖ్యమైన ఖనిజం ఇదే, అందులో ఫ్లోరిన్ కూడా చేరి ఉంటుంది. మన ఎముకల్లో, పళ్లలో ఉన్నదీ అపటైటే. అక్కడ ఫ్లోరిన్ స్థానంలో హైడ్రాక్సిల్ ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 700 గ్రాముల భాస్వరం ఉంటే, అందులో 85 శాతం ఎముకల్లో, పళ్లలో దాక్కుని ఉంటుంది. మిగిలిన కొద్దిపాటి భాస్వరం మీదే జీవం నడుస్తోంది. డీఎన్ఏ నిచ్చెనకు రెండు పక్కల కమ్మీలు కట్టేది ఫాస్ఫేటే. కణంలో శక్తిని చేతులు మార్చే ఏటీపీ అణువులో మూడు ఫాస్ఫేట్లు ఉన్నాయి. భాస్వరం లేకపోతే దాని బదులు ఇంకోటి పెట్టుకుందాం అనే వీలు ఏ మొక్కకూ, ఏ ప్రాణికీ లేదు.

ఎముకకూ రాతికీ ఉన్న ఈ చుట్టరికం ఏమిటో నల్గొండ జిల్లా చెప్పగలిగినట్టు ఇంకెవరూ చెప్పలేరు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్ల ఎముకల్లో జరిగింది ఇదే. హైడ్రాక్సిల్ జరిగిపోయింది, ఆ చోట్లోకి ఫ్లోరిన్ దూరింది. ఎముక తన తీరు మార్చుకుని రాతి తీరులోకి జరిగింది. వెన్ను బిగుసుకుంది, కీళ్లు వంగడం మానేశాయి. గ్రానైటు రాళ్లలోని ఫ్లోరిన్ చుక్క చుక్కగా బావి నీటిలోకి దిగి మనుషుల ఒంట్లో ఖనిజాన్ని తయారుచేసింది. ఇంత క్రూరమైన రసాయన పాఠం మరొకటి ఉండదేమో.

భాస్వరాన్ని మనిషి మొదట చూసింది 1669లో, జర్మనీలోని హాంబర్గ్‌లో. హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రాన్ని మరిగించి మరిగించి, చీకట్లో వెలిగే పదార్థాన్ని బయటికి తీశాడు. ఆ భాస్వరం ఎముకల్లో ఉందని తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది. స్వీడన్‌కు చెందిన గాన్, షీలే ఆ సంగతి తేల్చారు. తర్వాత ఎముకల పొడి పొలాలకు ఎక్కింది. యూరప్ రైతులు దాన్ని చల్లారు. కొన్ని నేలల్లో పంట పెరిగింది, కొన్నిట్లో ఏ మార్పూ లేదు. ఎముకలో కాల్షియం పట్టిన పట్టు వదలకపోతే వేరుకు భాస్వరం అందదు మరి.

ఆ పట్టును యాసిడ్‌తో వదిలించినవాడు జాన్ బెనెట్ లాస్. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ అతని సొంత ఎస్టేటు. ఎముకల మీద, ఫాస్ఫేట్ రాతి మీద గంధకామ్లం పోసి, నీళ్లలో కరిగే సూపర్ ఫాస్ఫేట్ చేసి 1842లో పేటెంట్ తీసుకున్నాడు. ఇక ఎముకలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, ఇంగ్లండ్ యూరప్ యుద్ధభూముల్లోని ఎముకలను కూడా తవ్వుకుపోతోందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లైబిగ్ బహిరంగంగా మండిపడ్డాడు. మన రేవుల నుంచి కూడా పశువుల ఎముకలు ఓడలెక్కి యూరప్ పొలాలకు ఎరువుగా వెళ్లాయి. ఇక్కడి గొడ్లు ఇక్కడి గడ్డి తిని పోగుచేసిన భాస్వరం అది. మన దేశంలో తొలి సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ 1906లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని రాణీపేటలో మొదలైంది. పెట్టింది ఈఐడీ ప్యారీ.

విశాఖలో ఉడికే రాయి

ప్యారీ కంపెనీయే 1960లలో రెండు అమెరికన్ కంపెనీలతో కలిసి కోరమాండల్ ఫెర్టిలైజర్స్‌ను స్థాపించింది. విశాఖపట్నం ఫ్యాక్టరీలో 1967లో ఉత్పత్తి మొదలైంది. రైతులు ‘ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది’ అని పిలుచుకునే గ్రోమోర్ కట్ట అక్కడిదే. తర్వాత 1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఇఫ్కో కలిసి కాకినాడలో గోదావరి ఫెర్టిలైజర్స్‌ను పెట్టాయి. ఇప్పుడు అదీ కోరమాండల్‌దే.

ఫ్యాక్టరీలో జరిగేది లాస్ చేసిన పనే, కాస్త ముందుకు తీసుకెళ్లారు. రాతిని మెత్తగా పొడి చేసి, ఎనభై డిగ్రీల దరిదాపు వేడిలో గంధకామ్లంతో కలియబెడతారు. కాల్షియం భాస్వరాన్ని విడిచి గంధకంతో జట్టు కడుతుంది. అదే జిప్సం. వడబోస్తే జిప్సం పైన, ఫాస్ఫారిక్ యాసిడ్ కింద. ఆ పలచటి యాసిడ్‌ను ఆవిరి పట్టి చిక్కబరుస్తారు. రాతిలోని ఫ్లోరిన్ వాయువుగా లేస్తే దాన్ని నీళ్లలో పట్టుకోవాలి, గాలిలోకి వదిలితే చుట్టుపక్కల పైర్లకు, పశువులకు చేటు. అలా పట్టుకున్న ఫ్లోరిన్ సమ్మేళనాన్నే అమెరికా నగరాలు పళ్లు పుచ్చకుండా ఉండేందుకు తాగునీటిలో కొద్ది మోతాదులో కలుపుతున్నాయి. మోతాదు ఎంత పెద్ద విషయమో ఈ సంగతినీ నల్గొండనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

చిక్కబడిన యాసిడ్‌కు అమ్మోనియా తగిలిస్తే డీఏపీ. కట్ట మీది 18-46 అంకెల అర్థం ఇది: వంద కిలోల్లో 18 కిలోలు నత్రజని, 46 కిలోలు భాస్వరం. ఆ 46 కూడా పీ2ఓ5 అనే పాత లెక్కలో చెప్పినది. యాభై కిలోల కట్టలో ఆ లెక్కన 23 కిలోలు, అసలు భాస్వరంగా చూస్తే పది కిలోలే.

ఇక బస్తా మీద ముద్రించని ఇంకో లెక్క ఉంది. పీ2ఓ5 లెక్కలో ఒక టన్ను యాసిడ్ తీస్తే సుమారు ఐదు టన్నుల జిప్సం మిగులుతుంది. అంటే రైతు భుజాన వేసుకుపోయే ఒక్కో డీఏపీ కట్టకు, వంద కిలోలకు పైగా జిప్సం ఎక్కడో ఒకచోట గుట్టగా మిగిలే ఉంటుంది. అది విశాఖలో కావచ్చు, మొరాకోలో కావచ్చు. కొంత సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది, కొంత పొలానికి చేరుతుంది. వేరుశనగ ఊడలు దిగే వేళ ఎకరాకు రెండు వందల కిలోలు వేస్తే కాయ నిండుగా కట్టేది, చౌడు నేలలను బాగుచేసేది ఇలాంటి జిప్సమే. మిగిలినదంతా గుట్టలే. ఫాస్ఫేట్ రాళ్లలో కొద్దిగా యురేనియం, దాని సంతతి అయిన రేడియం ఉంటాయి. రేడియం జిప్సంలోకి దిగుతుంది. అందుకే ఆ గుట్టల కింద భూగర్భజలం మీద నిఘా తప్పదు. 2021లో అమెరికాలోని ఫ్లోరిడాలో పైనీ పాయింట్ అనే పాత ఫ్యాక్టరీ వద్ద జిప్సం గుట్ట మీది చెరువుకు గండి పడే ప్రమాదం వచ్చింది. చుట్టుపక్కల వందలాది కుటుంబాలను ఖాళీ చేయించి, ఆ కలుషిత నీటిని టాంపా అఖాతంలోకి వదలాల్సి వచ్చింది. సముద్రం ఒడ్డునే ఫ్యాక్టరీలున్న మన కోస్తాకు ఇది దూరపు వార్త కాదు.

ఇసుక కింద ఖజానా

ప్రపంచంలో తెలిసిన రాక్ ఫాస్ఫేట్ నిల్వల్లో మూడింట రెండు వంతులు ఒక్క మొరాకో చేతిలో ఉన్నాయి. అందులో వివాదంలో ఉన్న పశ్చిమ సహారా నిల్వలూ కలిసి ఉన్నాయి. మొరాకోలోని ఖురిబ్గా గనుల్లో వందేళ్లకు పైగా తవ్వుతున్నారు. రాతిని పొడి చేసి, నీళ్లు కలిపి, 187 కిలోమీటర్ల గొట్టంలో అట్లాంటిక్ తీరాన ఉన్న జోర్ఫ్ లాస్ఫర్ రేవుకు పారిస్తారు. రేవులోనే యాసిడ్ ఫ్యాక్టరీలు. వాటిలో ఒకదానిలో మన దేశపు కంపెనీలకు వాటా ఉంది.

నిల్వలు ఉన్నంతకాలం వైభోగమే. అవి అయిపోయాక ఎలా ఉంటుందో నౌరూ చూసింది. పసిఫిక్ మహాసముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల ద్వీపం అది. దాని ఫాస్ఫేట్‌ను ఇరవయ్యో శతాబ్దమంతా తవ్వి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు చల్లారు. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నేళ్లు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న ఆ దేశానికి చివరికి మిగిలింది దీవి నడిమధ్య మొనదేలిన సున్నపు రాళ్ల మైదానం. అందులో మొక్క నాటే మట్టి కూడా లేదు.

మన సంగతి చూద్దాం. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రా గని దేశంలో పెద్దది. మధ్యప్రదేశ్‌లో కొన్ని నిల్వలున్నాయి. విశాఖ మన్యం అంచున కాశీపట్నం దగ్గర అపటైట్ సిరలు కొద్దిగా ఉన్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం ఉన్న రాతి పొర భాస్వరం కలిసిన డోలమైటే, కానీ తవ్వేది యురేనియం కోసం. ఇవన్నీ కలిపినా మన ఆకలికి ఏ మూలకు? రాయి రూపంలోనో, యాసిడ్ రూపంలోనో, తయారైన డీఏపీ రూపంలోనో భాస్వరం దాదాపు అంతా బయటి నుంచి రావలసిందే. ఫాస్ఫారిక్ యాసిడ్‌ను ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా కొనేది మనమే.

కొనేవాడి చేతిలో ధర ఉండదు. 2008లో రాక్ ఫాస్ఫేట్ ధర ఏడాది తిరక్కుండానే ఎన్నో రెట్లు పెరిగింది. 2021లో డీఏపీ కట్ట 2,400 రూపాయలకు చేరబోతే కేంద్రం సబ్సిడీని 500 నుంచి 1,200కు పెంచి రైతుకు 1,200కే ఇప్పించింది. అదే ఏడాది చివర్లో చైనా తన ఎగుమతులకు పగ్గాలు వేసింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యాసిడ్ టన్ను 1,700 డాలర్లు దాటింది. ఆ తర్వాత కట్ట ధర 1,350 దగ్గర ఆగిందంటే, మిగతా భారం ఖజానా మోస్తున్నదన్నమాట. అందులో మన అందరి పన్నులూ ఉన్నాయి.

ఈ బెడద తగ్గించుకునే ప్రయత్నాలు లేకపోలేదు. కోరమాండల్ సెనెగల్‌లోని ఒక ఫాస్ఫేట్ గనిలో వాటా కొంది. ఇన్నాళ్లూ కొన్న యాసిడ్‌తోనే నడిచిన కాకినాడ ఫ్యాక్టరీ ఆవరణలో ఫాస్ఫారిక్, గంధకామ్లాలు రెండూ తయారుచేస్తామని 2024లో ప్రకటించింది. పెట్టుబడి వెయ్యి కోట్లకు పైమాటే. సొంతంగా యాసిడ్ తయారైతే ఎవరో రేవులో ఓడ ఆపితే ఇక్కడ నాటు ఆగే అగత్యం తగ్గుతుంది. నేను దీన్ని మంచి వార్తగానే తీసుకుంటాను. అయితే యాసిడ్‌తో పాటు జిప్సం గుట్ట కూడా కాకినాడకు వస్తుంది. దాన్ని ఎక్కడ పోస్తారు, కింద ఏం పరుస్తారు, చుట్టుపక్కల బావుల నీళ్లు ఎవరు పరీక్షిస్తారు అని ఇప్పుడే అడగాలి.

ఇనుము, పన్ను, కోలా

ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కన నిలబడ్డ ఇనుప స్తంభం కథ నాకు చాలా ఇష్టం. పదహారు వందల ఏళ్లుగా ఎండకు ఎండి, వానకు తడిసి కూడా తుప్పుకు లొంగలేదు. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్.బాలసుబ్రమణ్యం ఏళ్ల తరబడి దాన్ని పరిశోధించి కారణం చెప్పారు. అందులో ఇప్పటి ఉక్కులో కంటే భాస్వరం బాగా ఎక్కువ. నాటి కమ్మర్లు కొలిమిలో బొగ్గు వేశారు గానీ సున్నపురాయి వేయలేదు. సున్నం వేసి ఉంటే కాల్షియం ఆ భాస్వరాన్ని పట్టుకుని చిట్టెంలోకి లాక్కుపోయేది. నేటి ఉక్కు కర్మాగారాల్లో కావాలనే చేసే పని అది. సున్నం లేదు కాబట్టి భాస్వరం ఇనుములోనే ఉండిపోయింది. తడి, ఎండ మార్చి మార్చి తగిలేకొద్దీ ఉపరితలం మీద ఐరన్ ఫాస్ఫేట్ పలచటి పొరగా పేరుకుని, కింది ఇనుముకు కవచమైంది.

ఆ కమ్మర్లకు తెలియకుండానే జరిగినదాన్ని ఇప్పుడు ఫ్యాక్టరీలు పనిగట్టుకుని చేస్తున్నాయి. రంగు వేసే ముందు కారు, ఫ్రిజ్, బీరువా రేకులను ఫాస్ఫేట్ తొట్టిలో ముంచుతారు. లోహం మీద సన్నటి స్ఫటికాల పొర పడుతుంది, రంగు దాన్ని పట్టుకుంటుంది. సముద్రపు గాలికి గేట్లు తుప్పు పట్టే ఊళ్లలో హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే తుప్పు మందుల్లో చాలావాటికి ఆధారం ఈ యాసిడే. ఎర్రటి తుప్పు మీద పూస్తే నల్లటి గట్టి పొరగా మారుతుంది, దానిమీద ప్రైమర్ కొట్టుకోవచ్చు.

ఈ రంగుల పరిశ్రమ నుంచే యాసిడ్ పంటి డాక్టరు గదిలోకి వచ్చింది. 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైఖేల్ బూనోకోర్ అనే దంతవైద్య పరిశోధకుడు, లోహానికి రంగు గట్టిగా అంటడానికి ఫాస్ఫారిక్ యాసిడ్ వాడుతున్నారని గమనించి, పంటి మీద కూడా పనిచేస్తుందేమోనని చూశాడు. 85 శాతం యాసిడ్‌ను ముప్పై సెకన్లు పూసి కడిగితే ఎనామెల్ మీద కంటికి కనబడనంత చిన్న గుంటలు పడ్డాయి. రెజిన్ వాటిలోకి దిగి గట్టిగా పట్టుకుంది. అంతవరకు ఫిల్లింగ్ నిలవాలంటే మంచి పంటిని కూడా డ్రిల్లుతో తొలిచేవారు. ఆ బాధ చాలావరకు తప్పింది. ఇప్పుడు 37 శాతం జెల్ వాడతారు. డాక్టరు సిరంజితో నీలిరంగు జెల్ పూసి, పావు నిమిషం ఆగి, నీళ్లతో కడిగేస్తారు చూడండి, అదే ఇది.

పంటికి పట్టునిచ్చిన యాసిడ్ సీసాలో దొరికితే కథ మారుతుంది. కోలాకు ఆ గుచ్చే పులుపు దీనివల్లే. నిమ్మ ఉప్పు వేయరా అంటే, దాని పులుపుకు పళ్ల రుచి తోడవుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్‌కు సొంత పరిమళం లేదు, కొద్దిగా వేస్తే చాలు, చవక. పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా సోడా అంగళ్లలో ఫాస్ఫేట్ పేరుతో పానీయాలే అమ్మేవారు. కోలా ఆమ్లత్వం పీహెచ్ కొలతలో 2.5 దరిదాపు, ఎనామెల్ 5.5 కంటే దిగితే కరగడం మొదలవుతుంది. డాక్టరు పావు నిమిషం పూసి కడిగేస్తే, పిల్లలు గంటసేపు చప్పరిస్తారు. దాని మీద చక్కెర ఎలాగూ ఉంది. ఎముకల సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో, 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, రోజూ కోలా తాగే ఆడవాళ్లలో తుంటి ఎముక సాంద్రత తక్కువగా కనబడింది. తప్పు యాసిడ్‌దేనా, కోలా వచ్చి పాలగ్లాసును పక్కకు నెట్టడందా అన్నది ఆ అధ్యయనంతో తేలిపోలేదు.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారి విషయంలో మాత్రం సందేహం లేదు. పాడైన కిడ్నీ భాస్వరాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుని ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది, రక్తనాళాల గోడలను గట్టిపరుస్తుంది. పప్పులో, గింజల్లో సహజంగా ఉన్న భాస్వరంలో సగం వరకే ఒంటికి పడుతుంది. యాసిడ్‌గానో ఫాస్ఫేట్ లవణంగానో కలిపినది దాదాపు అంతా పడుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారిని కోలాకు, ప్యాకెట్ మాంసానికి దూరంగా ఉండమని డాక్టర్లు చెప్పేది అందుకే. ఉద్దానంలో చాలా ఇళ్లలో కిడ్నీ రోగులున్నారు. అక్కడి జబ్బుకు కారణం ఇదని అనడం లేదు. జబ్బు వచ్చాక లేబుల్ చదవడం వాళ్లకు మందు వేసుకున్నంత అవసరం. సీసా వెనక సన్న అక్షరాల్లో 338 అని ఉంటే అది ఫాస్ఫారిక్ యాసిడ్. 450, 451, 452 అని ఉంటే దాని లవణాలు. ఆ అంకెలు తెలుగులో, చదవగలిగినంత పెద్దగా ఉండాలని అడగడం అత్యాశ కాదు.

మిగతా చోట్ల అది నిశ్శబ్దంగా తన పని చేసుకుపోతుంది. చక్కెర మిల్లులో చెరకు రసానికి సున్నంతో పాటు దీన్ని కొద్దిగా చేరిస్తే, పుట్టిన కాల్షియం ఫాస్ఫేట్ తెట్టెలా మురికిని వెంటబెట్టుకు దిగుతుంది. డెయిరీల్లో పాల గొట్టాలకు పట్టిన గారను కడుగుతుంది. దీని నుంచి చేసే ట్రైపాలీఫాస్ఫేట్‌లో నానబెడితే రొయ్య నీరు వదలకుండా బరువు నిలుపుకుంటుంది. ఎంత వాడారో కొనే దేశాలు పరీక్ష చేస్తాయి. అనంతపురం చీనీ తోటల్లో డ్రిప్పు గొట్టాలకు ఎక్కించే 12-61-0, 0-52-34 ఎరువులు శుద్ధిచేసిన ఫాస్ఫారిక్ యాసిడ్ బిడ్డలే.

ఇప్పుడు కొత్త గిరాకీ ఒకటి వచ్చింది. కార్లకు, బస్సులకు, సౌరవిద్యుత్ నిల్వకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త గుడ్ఎనఫ్ బృందం దీన్ని ప్రకటించింది. ఆ పరిశోధనా పత్రం మీద మొదటి పేరు అక్షయ పాఢి అనే భారతీయుడిది. కోబాల్ట్ అక్కర్లేదు, సులువుగా మంటలంటుకోదు, చవక. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతున్న అమరరాజా కూడా ఈ రకం సెల్స్ కోసం 2024లో సాంకేతిక ఒప్పందం చేసుకుంది. ఇంతవరకు పైరుకూ పానీయానికీ మధ్య పోటీ అనేంత లేదు. బ్యాటరీ రాకతో ఆ రాతి మీద ఇంకో బలమైన చెయ్యి పడుతోంది. బ్యాటరీకి ఇంకో రసాయనం వెతకవచ్చు, వరికి వెతకలేం. ఎవరికి ముందు అన్న ప్రశ్న వస్తే జవాబు తేలికే అనుకుంటాను.

నేలలోకి వెళ్లాక

సహారా ఇసుక కింద నుంచి తవ్వి, గంధకామ్లంలో ఉడికించి, సముద్రాలు దాటించి, సబ్సిడీ పోసి తెచ్చిన భాస్వరం చివరికి పొలంలో పడింది. తర్వాత? వేసిన ఏడాది పైరు తీసుకునేది నూటికి పదిహేను నుంచి పాతిక పాళ్లు. మిగిలినదాన్ని నల్లరేగడిలోని కాల్షియం మళ్లీ పట్టేస్తుంది. ఎర్ర నేలల్లో ఆ పని ఇనుము, అల్యూమినియం చేస్తాయి. ఏ పట్టు విడిపించడానికి ఇంత ఖర్చుపెట్టామో, అదే పట్టులోకి మన చేతులతోనే తిరిగి అప్పగిస్తున్నాం.

అలా ఏళ్ల తరబడి వేసింది ఎక్కడికీ పోలేదు. తెలంగాణలోనూ, కృష్ణా, గోదావరి ఆయకట్టుల్లోనూ చాలా పొలాల్లో మట్టి పరీక్ష చేస్తే భాస్వరం మధ్యస్థం నుంచి ఎక్కువ అని వస్తోంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా ఒకటే చెబుతున్నారు. భాస్వరం ఎరువంతా ఆఖరి దుక్కిలోనో, దమ్ములోనో వేయండి, పైపాటుగా డీఏపీ, కాంప్లెక్స్ చల్లకండి, అది వేరుదాకా దిగదు. అయినా పిలకల దశలో పైరు కాస్త పచ్చబడుతుందని మరో కట్ట చల్లుతూనే ఉన్నారు. ఆ పచ్చదనం అందులోని నత్రజనిది. దానికి యూరియా చాలు. రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మట్టి నమూనా ఇచ్చి కార్డు కోసం ఎదురుచూసి, పంట కోశాక ఫలితం అందుకున్నవాడు మళ్లీ నమూనా ఇవ్వడు. సబ్సిడీకి పోసే డబ్బులో కాస్త తీసి, విత్తనం వేసే లోపు ఫలితం చేతిలో పెట్టగల ప్రయోగశాలల మీద పెడితే దిగుమతి బిల్లే తగ్గుతుంది.

మట్టితో కొట్టుకుపోయిన భాస్వరం చెరువులకు చేరుతుంది, నగరాల్లో మురుగునీటితో దిగుతుంది. హుస్సేన్‌సాగర్ వేసవిలో పచ్చటి నాచుతో కంపు కొట్టడానికి, గుర్రపుడెక్క అంతగా అల్లుకోవడానికి అదే మేత. పొలంలో అందనిది అక్కడ అడగకుండానే అందుతోంది.

నేలలో బిగిసిపోయిన దాన్ని మళ్లీ విడిపించే మార్గం ఉంది, దానికీ పులుపే కావాలి. వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో తక్కువ ధరకు ఇచ్చే పీఎస్‌బీ అనే జీవన ఎరువులోని బ్యాక్టీరియా సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి కాల్షియం పట్టు సడలిస్తాయి. మాగిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో చల్లాలి. కొన్ని పైర్లయితే బ్యాక్టీరియా కోసం కూడా ఆగవు. శనగ వేళ్లు సిట్రిక్ ఆమ్లాన్ని మట్టిలోకి వదులుతాయి. మంచుకు తడిసిన శనగ ఆకు పుల్లగా ఉండటం చేనుకు వెళ్లినవాళ్లందరికీ తెలుసు, ఆ పులుపు ఒకటి ఆకుది, ఇంకోటి వేరుది.

కంది ఇంకా నేర్పరి. 1980ల చివర్లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నొరిహారు ఏ అనే జపాన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక సంగతి గమనించారు. భాస్వరం తక్కువగా ఉన్న ఎర్ర నేలలో జొన్న వాడిపోతుంటే కంది ఎదుగుతోంది. వేళ్లను పరీక్షిస్తే, పిసిడిక్ ఆమ్లం, దాన్ని పోలిన మరో ఆమ్లం బయటికి వస్తున్నాయి. అవి ఇనుమును పట్టుకుని, అది బిగించిన భాస్వరాన్ని విడిపిస్తున్నాయి. 1990లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన ఆ పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది: కంది ఇలా విడిపించిన భాస్వరం ఆ చేలో తర్వాత వేసే పైర్లకూ అందుబాటులోకి రావచ్చు. జొన్నలో కంది సాలు వేసే పాత పద్ధతి మహబూబ్‌నగర్, వికారాబాద్, తాండూరు చెలకల్లో ఇంకా పూర్తిగా పోలేదు. పత్తి కమ్మేసిన మిగతా చోట్ల ఆ సాలు తిరిగి రావాలంటే కందికి మద్దతు ధర కాగితం మీద కాక మార్కెట్ యార్డులో దక్కాలి.